హైదరాబాదు నుంచి కాకినాడకు మకాం మార్చేవాళ్లకు: ఏది ముందు, ఏది తర్వాత

పెద్ద నగరంలో పదేళ్లో పదిహేనేళ్లో ఉద్యోగం చేశాక, ఇక చాలు, ఏదైనా చిన్న ఊరికి వెళ్లిపోదాం అనుకునే కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. అమ్మానాన్నలకు దగ్గరగా ఉండాలని కొందరు, ట్రాఫిక్‌లో రోజుకు మూడు గంటలు పోగొట్టుకోలేక కొందరు, ఇంటి నుంచే పని చేసే వీలు దొరికి కొందరు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నేను ఉంటున్నది కాకినాడలో కాబట్టి అన్ని ఉదాహరణలూ ఇక్కడివే. రాజమండ్రి, ఏలూరు, విజయనగరం వెళ్లేవాళ్లకు పేటల పేర్లు తప్ప మిగతాదంతా దాదాపు పనికొస్తుంది. ఖమ్మం, హనుమకొండ వెళ్లేవాళ్లకైతే రాష్ట్రం మారే తలనొప్పులు ఉండవు.

మకాం మార్చడంలో నేను గట్టిగా నమ్మేది ఒకటే. వెనక్కి తీసుకోగలిగే పనులు ముందు చేయాలి, వెనక్కి తీసుకోలేనివి చివరికి పెట్టాలి. అద్దె ఇల్లు నచ్చకపోతే ఖాళీ చేయొచ్చు. ఉద్యోగానికి రాజీనామా, హైదరాబాదులో ఫ్లాటు అమ్మేయడం, పిల్లలకు కాలేజీ సీట్లలో స్థానికులకిచ్చే లోకల్ హోదా పోవడం, ఇక్కడ స్థలం కొనడం అలాంటివి కావు. చాలామంది ఉత్సాహంలో ముందు స్థలం కొని, తర్వాత ఊరిని చూస్తారు. దయచేసి అలా చేయకండి.

1. భార్యాభర్తలిద్దరి పనీ తేల్చుకోండి

ఊరు మారి తిరిగి వెళ్లిపోయిన కుటుంబాల్లో నేను ఎక్కువగా చూసిన కారణం ఇంట్లో ఒకరికి, చాలాసార్లు భార్యకు, ఇక్కడ సరైన పని దొరకకపోవడం. ఆయనకు వర్క్ ఫ్రం హోం ఉంటుంది, ఆమె ఉద్యోగం మానేసి వస్తుంది. మొదటి ఆరు నెలలు ఇల్లు సర్దుకోవడంలో, బంధువులను కలవడంలో గడిచిపోతాయి. ఆ తర్వాత ఖాళీ మొదలవుతుంది. కాకినాడలో ఉద్యోగాలంటే ఎక్కువగా పోర్టు, ఎరువుల ఫ్యాక్టరీలు, నూనె మిల్లులు, రొయ్యల వ్యాపారం, ఆసుపత్రులు, కాలేజీలు, ప్రభుత్వ ఆఫీసులు. సర్పవరం వైపు కొన్ని ఐటీ కంపెనీలు ఉన్నాయి కానీ హైదరాబాదులో ఒకటి మానేస్తే ఇంకొకటి దొరికినట్టు ఇక్కడ దొరకదు.

అందుకని ఇద్దరి పనీ ఎలా సాగుతుందో కాగితం మీద రాసుకున్నాకే ముందుకు వెళ్లండి. వర్క్ ఫ్రం హోం అయితే మేనేజర్ నోటిమాట చాలదు, ఈమెయిల్‌లో రాయించుకోండి. కంపెనీ రేపు ఆఫీసుకు రమ్మంటే ఏం చేస్తారన్నదానికి కూడా జవాబు ఉండాలి. హైదరాబాదు ఫ్లాటు ఏడాది పాటు అద్దెకివ్వండి, అమ్మకండి.

2. పిల్లలు ఏ తరగతిలో ఉన్నారో చూసుకోండి

రాష్ట్రం దాటి వచ్చేవాళ్లు అన్నిటికంటే తక్కువగా ఆలోచించేది దీని గురించే. తర్వాత ఎక్కువగా బాధపడేదీ దీని గురించే.

రాజ్యాంగంలోని 371డీ అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఇంజనీరింగ్, మెడిసిన్ వంటి కోర్సుల రాష్ట్ర కోటా సీట్లలో 85 శాతం స్థానిక విద్యార్థులకే. స్థానికులా కాదా అన్నది మీ తాతగారి ఊరిని బట్టో, మీ ఆధార్ మీద ఉన్న అడ్రసును బట్టో తేలదు. అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఎక్కడ చదివారన్నది మొదట చూస్తారు. మామూలుగా అయితే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా అన్నమాట. మీ అబ్బాయి పదో తరగతి హైదరాబాదులో పూర్తి చేసి, ఇంటర్ కాకినాడలో చదివాడనుకోండి, ఆ నాలుగేళ్లు ఏ రాష్ట్రంలోనూ నిండవు. గోదావరి జిల్లాలో పుట్టినా సరే, ఇక్కడి సీట్లకు నాన్ లోకల్ అయ్యే ప్రమాదం ఉంటుంది. అంతకుముందు చదివిన ఏళ్లు, తల్లిదండ్రుల ఉద్యోగం వంటి వాటిని బట్టి వేరే దారులు ఉంటాయి కానీ వాటి మీద ఆశ పెట్టుకుని మకాం మార్చకూడదు. ఆ ఏడాది ప్రవేశాల నోటిఫికేషన్‌లో లోకల్ గురించి రాసిన పేజీ మొత్తం చదవండి. ప్రభుత్వ ఉద్యోగాలకు లెక్క మళ్లీ వేరు. తెలంగాణలో 2018 ఉత్తర్వులు ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారో చూస్తాయి.

నా సలహా సూటిగా చెప్తాను. పిల్లలు ఎనిమిదో తరగతి దాటకముందే రండి. తొమ్మిదిలో చేరిపోయి ఉంటే ఇంటర్ అయ్యేదాకా ఆగండి, లేదా ఇద్దరిలో ఒకరు అక్కడే ఉండండి. కష్టమే, నాకు తెలుసు. కానీ మెడికల్ సీటు కోసం రాత్రింబవళ్లు చదివిన పిల్లకు, అమ్మానాన్నలు ఇల్లు మారినందువల్ల తన ర్యాంకు అక్కరకు రాలేదని తెలియడం అంతకంటే కష్టం.

పాత స్కూలు వదిలేముందు టీసీతో పాటు చదివిన ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. ఏళ్ల తర్వాత ఆ స్కూలు మూతపడితే ఆ కాగితం ఇంకెక్కడా పుట్టదు.

ఇక స్కూళ్ల సంగతి. ఇక్కడా కార్పొరేట్ స్కూళ్లే ఎక్కువ, ఫీజులు మీరు ఊహించినంత తక్కువ ఉండవు. ఆటస్థలం ఉన్న స్కూలు కావాలంటే వెతకాలి. కేంద్రీయ విద్యాలయం ఉంది. పై చదువులకు మాత్రం ఊరు గట్టిది. 1884 నుంచీ ఉన్న పీఆర్ కాలేజీ, జేఎన్‌టీయూ, రంగరాయ మెడికల్ కాలేజీ అన్నీ ఇక్కడే.

3. ఊరిని దాని చెడ్డ రోజుల్లో చూడండి

సంక్రాంతికి వచ్చి ఊరిని ఇష్టపడని వాళ్లుండరు. చలి, ముగ్గులు, చుట్టాలు, పిండివంటలు. ఆ వారం చూసి నిర్ణయం తీసుకోకండి. మే నెలలో ఓ వారం, అక్టోబరులో ఓ వారం ఉండి చూడండి. హోటల్లో కాదు, వీలైతే మీరు ఉండాలనుకునే పేటలోనే ఎవరైనా తెలిసినవాళ్ల ఇంట్లో.

మేలో ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ బాధ పెడుతుంది. హైదరాబాదులో సాయంత్రమయ్యేసరికి గాలి కాస్త చల్లబడుతుంది, ఇక్కడ రాత్రి పదింటికి కూడా చెమట కారుతూనే ఉంటుంది. ఎయిర్ కూలర్ ఈ తేమలో పెద్దగా పని చేయదు, తెచ్చుకోవద్దు. ఉప్పుగాలికి ఇనుప గేట్లు, బైకులు, ఏసీ బయట యూనిట్ త్వరగా తుప్పు పడతాయి.

అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను గురించి ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. 2020 అక్టోబరు 13న తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గరే తీరం దాటింది. ఊరు బల్లపరుపుగా ఉంటుంది, వీధులు తిన్నగా గళ్లు గీసినట్టు ఉంటాయి, చూడటానికి ఎంతో బాగుంటుంది. కానీ అదే చదును వల్ల గట్టి వాన పడితే నీళ్లు త్వరగా పోవు. ఏ వీధిలో ఎంత లోతు నిలుస్తాయో, ఎన్నాళ్లు నిలుస్తాయో ఆ వారంలోనే తెలుస్తుంది. దోమల సంగతి కూడా.

4. అద్దె ఇల్లు

యాప్‌లలో దొరికే ఇళ్లు తక్కువ. గేటుకు వేలాడే టు-లెట్ బోర్డులే నమ్మకం. సాయంత్రం పూట బండి మీద తిరగండి, మూలనున్న కిరాణా కొట్టులో, ఇస్త్రీ బండి దగ్గర అడగండి. మంచి ఇల్లు బోర్డు పెట్టకముందే ఎవరో ఒకరి నోటిమాటతో వెళ్లిపోతుంది కాబట్టి, వచ్చే నెలలో ఖాళీ అయ్యేవి ఏమైనా ఉన్నాయా అని కూడా అడగాలి.

ఎటువైపు వెతకాలి? రామారావుపేట, సూర్యారావుపేట, గాంధీనగర్ పాత పేటలు. అన్నీ నడిచి వెళ్లేంత దూరంలో ఉంటాయి, ఆసుపత్రులు దగ్గర, పెద్దవాళ్లున్న ఇంటికి ఇవే మంచివి. భానుగుడి చుట్టుపక్కల సందడి ఎక్కువ. రమణయ్యపేట, సర్పవరం వైపు కొత్త అపార్ట్‌మెంట్లు, కాస్త విశాలమైన ఇళ్లు దొరుకుతాయి. ఉప్పుటేరు దాటితే జగన్నాథపురం, అద్దెలు తక్కువ, చేపలు దగ్గర, కానీ ఊళ్లోకి రావాలంటే వంతెన దాటాలి.

ఇంటి ఓనరును అడగాల్సినవి: మున్సిపల్ కుళాయి ఉందా, ఎన్ని గంటలు వస్తుంది, బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయా. కుళాయిలో వచ్చేది గోదావరి కాలువ నీళ్లు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, అప్పుడు చెరువుల్లో ముందే నింపుకున్న నీళ్లే ఆధారం. ఏప్రిల్, మే నెలల్లో సరఫరా ఎలా ఉంటుందని ఓనరును కాకుండా పక్కింటివాళ్లను అడగండి. కింది వాటాలో తేమ పట్టిన గోడలు, కొత్తగా వేసిన సున్నం కనిపిస్తే ఆ ఇల్లు వదిలేయండి.

ఓనర్లు కూడా అడుగుతారు. మీదే ఊరు, ఏం పని, ఎంతమంది ఉంటారు, మాంసాహారం తింటారా. చాలాచోట్ల కులం కూడా అడుగుతారు, కొందరు నేరుగా, కొందరు ఇంటిపేరు అడిగి. పెద్ద నగరంలో ఇది లేదని కాదు, అక్కడ అపార్ట్‌మెంట్ సంస్కృతి దాన్ని కొంత కప్పేస్తుంది. ఇక్కడ ముఖం మీదే వినాల్సి వస్తుంది. ఒంటరిగా ఉండే ఆడవాళ్లకు, మతాంతర, కులాంతర వివాహం చేసుకున్నవాళ్లకు ఇల్లు దొరకడం ఇంకా కష్టం. ఇది తప్పు, మారాలి. కానీ మకాం మార్చేవాళ్లకు ముందే తెలియాలి కాబట్టి చెప్తున్నాను. అలాంటివాళ్లకు ఓనరు వేరేచోట ఉండే అపార్ట్‌మెంట్ ఫ్లాట్లు నయం.

స్టాంపు పేపరు మీద అద్దె ఒప్పందం రాయించుకోండి. చాలామంది ఓనర్లు ఎందుకండీ అదంతా అంటారు. ఆధార్ అడ్రసు మార్చడానికి కావాలని చెప్పండి, ఒప్పుకుంటారు.

5. కాగితాలు, బండి

ఆధార్ అడ్రసుతో మొదలుపెట్టండి, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. కుటుంబంలో ఒకరిది మారితే, కుటుంబ పెద్ద ఆధారంగా మిగతావాళ్లది ఆన్‌లైన్‌లోనే మార్చే వీలుంది. ఆడవాళ్లకు ఇంకో లాభం ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది, కానీ రాష్ట్రంలో నివాసం ఉన్నట్టు గుర్తింపు కార్డు చూపాలి. ఓటు మార్చుకోవడానికి ఫారం 8. గ్యాస్ కనెక్షన్ పాత ఏజెన్సీ దగ్గర ట్రాన్స్‌ఫర్ కాగితం తీసుకుని రండి.

బండి సంగతి నిర్లక్ష్యం చేయకండి. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే బండికి అక్కడి నంబరు వేయించాలి. ముందు పాత ఆర్టీఏ నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం తీసుకోవాలి, దానికి ఫారం 28. కారు మీద లోను ఉంటే బ్యాంకు అనుమతి కూడా. ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పాత రాష్ట్రంలో కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు కానీ ఓపిక కావాలి. బాగా పాత కారైతే అక్కడే అమ్మేసి ఇక్కడ కొనుక్కోవడం మేలు. ఏ రాష్ట్రంలోనైనా చెల్లే బీహెచ్ సిరీస్ నంబరు ఉన్నవాళ్లకు ఈ గొడవేమీ లేదు.

6. కరెంటు, నెట్టు

ఇంటి నుంచి పనిచేసేవాళ్లు రెండు వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ పెట్టుకోండి, ఒకటి ఫైబర్ అయితే రెండోది మొబైల్ నెట్‌వర్క్ ఆధారంగా ఉండాలి. తుపాను గాలికి చెట్టు కూలితే వైర్లన్నీ ఒకేసారి తెగుతాయి. ఇన్వర్టర్ తప్పనిసరి. వార్తాపత్రిక వేయించుకోండి, జిల్లా పేజీల కోసం. ఏ పేటలో ఎప్పుడు కరెంటు తీస్తారో, నీళ్లు ఎప్పుడు రావో అందులో వస్తుంది. కరెంటు ఫిర్యాదుకు 1912.

7. ఆరోగ్యం

పెద్దవాళ్ల కోసం వచ్చేవాళ్లకు కాకినాడ నిజంగా మంచి ఊరు. ఎప్పటి నుంచో దీన్ని పెన్షనర్ల స్వర్గం అంటారు. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి చుట్టుపక్కల జిల్లాల నుంచి కూడా వస్తారు. గుండె, ఎముకలు, కిడ్నీ డాక్టర్లు పక్కపక్క వీధుల్లోనే ఉంటారు. పొద్దున్నే ఫోను చేసి టోకెను తీసుకుంటే సాయంత్రం చూపించుకుని ఇంటికి రావొచ్చు, హైదరాబాదులో దీనికి ఒక రోజంతా పోతుంది.

లోటు రాత్రి పూట కనిపిస్తుంది. అర్ధరాత్రి పక్షవాతం వస్తే స్కానింగ్ తీసి వెంటనే చికిత్స మొదలుపెట్టే ఆసుపత్రి ఏది? పసిపిల్లలకు ఐసీయూ ఎక్కడుంది? వచ్చిన మొదటి వారంలోనే నేరుగా ఆసుపత్రులకు వెళ్లి అడిగి, నంబర్లు ఫ్రిజ్ మీద అంటించండి. మీ ఆరోగ్య బీమా ఇక్కడ ఏ ఆసుపత్రిలో క్యాష్‌లెస్‌గా చెల్లుతుందో కూడా చూడండి. క్యాన్సర్ వంటి పెద్ద వైద్యానికి చాలామంది విశాఖ వెళ్తారు. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అక్కడే ఉంది.

8. డబ్బు లెక్క

అద్దె, పనిమనిషి, ఊళ్లో తిరుగుడు ఖర్చు తగ్గుతాయి. కూరగాయలు, చేపలు తాజాగా ఉంటాయి. కుంభాభిషేకం రేవు దగ్గరికి పొద్దున్నే వెళ్తే ఆ రోజు పడిన చేపలే దొరుకుతాయి. తగ్గనివి: స్కూలు ఫీజులు, కరెంటు బిల్లు, పెట్రోలు. పెట్రోలు తెలంగాణ కంటే ఇక్కడ కాస్త ఎక్కువే.

చాలామంది మరిచిపోయేది ప్రయాణాల ఖర్చు. పెళ్లిళ్లు, ఆఫీసు మీటింగులు, స్నేహితులు అన్నీ హైదరాబాదులోనే ఉంటాయి. గౌతమి ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే తెల్లారేసరికి అక్కడ ఉంటారు. కాకినాడ మెయిన్ లైను మీద లేదు, విశాఖ–విజయవాడ మధ్య తిరిగే చాలా రైళ్లకు సామర్లకోట వెళ్లాలి. విమానానికి రాజమండ్రి దగ్గర మధురపూడి. సంక్రాంతికి అందరూ ఇటు వస్తుంటే మీరు అటు వెళ్లడం సులువే, పండగ అయ్యాక అందరూ వెనక్కి వెళ్లే రోజుల్లో హైదరాబాదు వెళ్లాలంటేనే టికెట్లు దొరకవు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజు పొద్దున్నే చేసుకోండి. ఏడాదికి ఇన్నిసార్లు వెళ్తామని లెక్కేసి ఆ డబ్బు వేరుగా పెట్టుకోండి.

9. మనుషులు

మొదటి నెలలోనే వీధిలో అందరికీ మీ గురించి తెలిసిపోతుంది. మీ కారు ఎప్పుడు బయటికెళ్లింది, ఇంటికి ఎవరొచ్చారు, అమ్మాయి ఎన్నింటికి తిరిగొచ్చింది అన్నీ. కొందరికి ఇది ఊపిరాడనివ్వదు. అయితే నాన్నగారు బాత్రూములో జారిపడిన రోజు ఆటో పిలిచేదీ, మీరు ఊళ్లో లేకపోతే ఆసుపత్రిలో కూర్చునేదీ ఈ మనుషులే. ఈ రెండింటినీ విడదీసి ఒకటే తీసుకోవడం కుదరదు. ఎక్కడ గీత గీయాలో మీరే నేర్చుకోవాలి, నవ్వుతూ, కోపం లేకుండా. పిల్లలకు కూడా ముందే చెప్పి ఉంచండి, ముఖ్యంగా ఆడపిల్లలకు. వాళ్ల బట్టల మీద, తిరుగుళ్ల మీద ఎవరైనా మాట్లాడితే మీరు వాళ్ల పక్షానే నిలబడతారని వాళ్లకు తెలియాలి.

పరిచయాలు వాటంతటవే రావు. పొద్దున నడకకు ఒకే పార్కుకు, ఒకే సమయానికి వెళ్లండి. సూర్యకళామందిరంలో నాటకాలు, కచేరీలు జరుగుతుంటాయి, వెళ్లి కూర్చోండి. ఎవరైనా పెళ్లికి పిలిస్తే మానకండి, ఇక్కడ పిలుపును గుర్తుపెట్టుకుంటారు. ఆదివారాలు కోరంగి మడ అడవుల్లో చెక్క బాట మీద నడవొచ్చు, ద్రాక్షారామం, అన్నవరం వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికి రావొచ్చు. మాల్, కొత్త రెస్టారెంటు, రాత్రి పన్నెండింటి దాకా తిరుగుడు కావాలనుకునే పదహారేళ్ల పిల్లలకు ఇవి సరిపోవు. వాళ్ల విసుగు నిజమైనదే, కొట్టిపారేయకండి. సెలవుల్లో హైదరాబాదు పంపండి.

10. ఏడాది తర్వాత, ఇల్లు కొనాలనుకుంటే

ఒక ఎండాకాలం, ఒక తుపాను కాలం ఇక్కడ గడిపాక ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. ఒక్కరు వద్దన్నా ఇంకో ఏడాది అద్దెలోనే ఉండండి.

కొనేటప్పుడు సముద్రం కనిపిస్తుందని మోజుపడకండి. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటం వల్ల కాకినాడ రేవు ప్రశాంతంగా ఉంటుంది, ఉప్పాడ వైపు ఆ రక్షణ లేదు. అక్కడ సముద్రం ఏటా తీరాన్ని కోసుకుంటూ పోతోంది, బీచ్ రోడ్డు ఎన్నిసార్లు తెగిందో స్థానికులే చెప్తారు. 2024 సెప్టెంబరులో ఏలేరు పొంగి పిఠాపురం, గొల్లప్రోలు వైపు పొలాలు మునిగాయి, ఆ దారిలో లేఅవుట్లు చూసేవాళ్లు అప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊళ్లో అడగాలి.

ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ఈసీ వీలైనన్ని ఏళ్లకు తీయించండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూడండి. లేఅవుట్‌కు అనుమతి నంబరు, రెరా నంబరు ఉన్నాయా అన్నది బ్రోచరులో కాదు, ఆఫీసులో సరిచూసుకోండి. లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే ఆ స్థలం అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులన్నీ, ఊళ్లోని వకీలుకు చూపించండి, అమ్మేవాళ్లు చెప్పిన వకీలుకు కాదు. బయానా ఇచ్చే ముందు ఒక గట్టి వాన కోసం ఆగి, మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆ స్థలంలో నిలబడి చూడండి.